పోయిన పెట్టె



మా మైలవరం వైపు హార్మోనియాన్ని హార్మోనియం అనేవాళ్ళు తక్కువ. పెట్టె అంటారు. "ఇవాళ పెట్టె ఎవరు?" అని ఎవరైనా అడిగితే, ఈ రాత్రి నాటకానికి హార్మోనిస్టు ఎవరని అర్థం. మనిషి పేరు ఆ తర్వాత. ఇరవై ఏళ్ళు నన్ను అలాగే పిలిచారు. "పెట్టెగారు వచ్చారా? పెట్టెగారికి భోజనం పెట్టారా?" ఆ పెట్టె ఏడేళ్ళ క్రితం పోయింది. పెట్టెగారు మాత్రం మిగిలాడు.

దాని గురించి మాట్లాడతానంటే, "పోయిన వస్తువు గురించి అంతసేపు ఏం చెబుతారండీ?" అని మా ఆవిడే అడిగింది. నిజమే. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని గురించి రెండు ముక్కలు కూడా చెప్పి ఉండను.

పెట్టె పోయిన రాత్రి శివరాత్రి. దివిసీమలో ఒక ఊళ్ళో రాయబారం సీను, దాని వెనక కాటిసీను. తెరదించేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. కాంట్రాక్టరు మాట్లాడిన వ్యాన్‌లో కిరీటాలు, గదలు, తెరలు, తబలా, నా పెట్టె అన్నీ సర్దుకుని కరకట్ట మీదుగా బెజవాడ దారి పట్టాం. మధ్యలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. కృష్ణుడి వేషం వేసినాయన మొహానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటున్నాడు, సగం నీలం, సగం మనిషి. పది నిమిషాలు కూడా ఆగి ఉండం. తిరిగొచ్చి చూస్తే వెనక టార్పాలిన్ తాడు ఊడి ఉంది. కిరీటాల పెట్టె ఉంది. తబలా ఉంది. నా పెట్టె లేదు.

నాది మడత హార్మోనియం. కాళ్ళు లోపలికి మడిచి మూత వేస్తే అచ్చం సూట్‌కేసులా ఉంటుంది. వాడు అందులో పట్టుచీరలు ఉంటాయనుకుని ఉంటాడని నా అనుమానం. ఎక్కడో సందులో కూర్చుని మూత తెరిచినప్పుడు వాడి మొహం ఎలా ఉండి ఉంటుందో చాలా రాత్రులు ఊహించుకున్నాను. మెట్లు చూసి వాడూ నాలాగే ఏడ్చి ఉంటాడు, కారణం వేరైనా.

పోలీసు స్టేషన్‌లో రైటర్ మంచివాడే. టీ ఇప్పించాడు. "ఎంత చేస్తుందండీ?" అన్నాడు.

"అమ్మితే పది పన్నెండు వేలు రావచ్చు."

"కొత్తది?"

"కొత్తది నాకు పనికిరాదండీ."

ఆయన పెన్ను ఆపి నా వైపు చూశాడు. ఫిర్యాదు కాగితంలో ఆ మాట రాయడానికి గడి లేదు. "సరే, గుర్తులు చెప్పండి" అన్నాడు. రంగు, కంపెనీ పేరు చెబుతానని అనుకున్నాడు పాపం. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. నేను చెప్పిన మొదటి గుర్తు ఇది. మధ్య స్థాయిలో నాలుగో తెల్ల మెట్టు మిగతావాటి కన్నా తేలిక. ఎందుకంటే అది అసలు మెట్టు కాదు. పెట్టె మా మాస్టారి దగ్గర ఉన్నప్పుడే ఎవరో పిల్లవాడు దాన్ని విరగ్గొట్టాడు. రీడ్లు, మెట్లు అమ్మే కొట్టు దాకా వెళ్ళే ఓపిక లేక మాస్టారు దాన్ని కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళింటికి పట్టుకెళ్ళారు. వాళ్ళు తెల్లపొణికి చెక్కతో దానికి తగ్గ ముక్క చెక్కి అతికించి ఇచ్చారు. పెళ్ళిమేళం బొమ్మలు, ఏనుగంబారీలు చేసే చెక్క అది, బరువే ఉండదు. అందుకని ఆ మెట్టు నొక్కి వదిలితే పక్క మెట్ల కన్నా ముందే లేచేది. ఏళ్ళ తరబడి నా వేలు దానికి సర్దుకుంది. మిగతావాటి మీద వేలు దిగుతుంది, దాని మీద ఆనుతుంది, అంతే.

రెండో గుర్తు, ఎడమపక్క చెక్క మీద పెట్రోమాక్స్ లైటు సెగకి నల్లబడిన మచ్చ, అరచెయ్యంత. మూడోది, తిత్తికి వేసిన తోలు మాసికలు రెండు. నాలుగోది కూడా ఉంది. అది రైటర్‌కి మాత్రమే చెప్పాను. ఇవాళ కూడా చెప్పను. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.

మైలవరంలో పెట్టెకి ఇంత పెద్దరికం ఎక్కడిదంటే, పాతకాలం మాట చెప్పుకోవాలి. గత శతాబ్దం మొదటి భాగంలో మా ఊరి రాజావారి ప్రాపకంలో బాలభారతి నాటక సమాజం నడిచింది. జనం నోట అది మైలవరం కంపెనీ. యడవల్లి సూర్యనారాయణగారు ఆ కంపెనీలో వేషం కట్టి పద్యం ఎత్తారంటే ఆంధ్రదేశం తిరిగి చూసింది. పాపట్ల కాంతయ్యగారు పద్యాలకి వరసలు కట్టారు. ఆ వరసలు కాగితం మీద లేవు. ఒక హార్మోనిస్టు వేళ్ళ నుంచి ఇంకో హార్మోనిస్టు వేళ్ళకి దిగుతూ వచ్చాయి. మా మాస్టారికి అలా దిగాయి, నాకూ కొంత దిగాయి. కాబట్టి పెట్టె పోయిందంటే, మనిషి నోట్లోంచి పళ్ళు ఊడిపోయినట్టు. మాట ఉంది, పలకడానికి పట్టు లేదు.

మూడో రోజే ఇంకో నాటకం ఒప్పుకుని ఉన్నాను. పెట్టె పోయిందని కాంట్రాక్టరు నాటకం ఆపుతాడా? వెల్వడంలో ఉన్న మరో హార్మోనిస్టు తన రెండో పెట్టె ఇచ్చాడు. మంచి పెట్టె. నా దానికన్నా మంచిది కూడా. అయినా ఆ రాత్రంతా ఇంకొకరి చెప్పులేసుకుని తిరణాలలో నడిచినట్టుంది. నా వేలు నాలుగో మెట్టు దగ్గరికి రాగానే దానంతటది తేలికైపోతోంది, స్వరం సగమే పలుకుతోంది. పద్యం అయ్యాక కృష్ణుడాయన తెర వెనక నా పక్కకొచ్చి, "ఇవాళ మీ చెయ్యి నాకు ఆలస్యంగా అందుతోందండీ" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కోమన్నారు చాలామంది. కొన్నాను కూడా. దానిలో నూరు వాద్యాలున్నాయి, ఊపిరి లేదు. పద్యం చివర నటుడు రాగం తీస్తూ పైకి పోతున్నప్పుడు, హార్మోనిస్టు కాలు తిత్తి మీద ఎంత ఒత్తిడి పెడితే స్వరం అంత పొంగుతుంది. నటుడి ఊపిరి అయిపోవచ్చినప్పుడు కాలు మెల్లగా వదలాలి. ఆ లెక్క పాదానికి తెలుసు. మీట నొక్కితే పలికే యంత్రానికి పాదంతో పనేముంది?

ఇంకో మాట, ఆకాశవాణిలో కూర్చుని మాట్లాడుతున్నానని గుర్తుంచుకుని మరీ అంటున్నాను. హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని, గమకం పలకదని, ఆకాశవాణి 1940లో దాన్ని గడప బయట పెట్టేసింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఈ విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యేటప్పటికే ఆ నిషేధానికి ఎనిమిదేళ్ళు. అలాంటి చోటికి వచ్చి ఒక హార్మోనియం కోసం ఇంతసేపు దుఃఖపడుతున్నానంటే కాలం మారిందనే అనుకోవాలి.

మా వైపు కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళను ఎలా ముంచిందో మీకు చెప్పక్కర్లేదు. నీళ్ళు తీశాక ఇళ్ళలో చూడాలి. తోలు ఉబ్బి చెక్క విడిపోయిన తబలాలు, బురద మింగిన హార్మోనియాలు. తెలిసినవాళ్ళను పలకరించడానికి వెళ్ళి నేను కూడా రెండు తిత్తులు విప్పి ఎండలో పెట్టాను. లాభం లేకపోయింది. ఆ ఇంటాయన పెట్టెని చూసి కాసేపు కూర్చుని, లేచి, చేతులు కడుక్కున్నాడు. అయిపోయింది. ఆయన్ని చూసి నాకు సిగ్గులేని అసూయ కలిగింది. వరదలో పోయిన పెట్టెకి శవం ఉంటుంది. దొంగ ఎత్తుకెళ్ళినది ఎక్కడో పలుకుతూ ఉంటుంది. ఏదో ఊళ్ళో, ఏదో గుళ్ళో, ఎవరో రాని చేత్తో దాన్ని వాయిస్తూ ఉంటారు. ఆ నాలుగో మెట్టు ముందే లేస్తోందని విసుక్కుంటూ ఉంటారు.

అలా పలుకుతూ ఉంటుందని నమ్మడానికి కూడా కొంత అదృష్టం ఉండాలి లెండి. ఉస్తాద్ బిస్మిల్లాఖాన్‌గారి శహనాయీల సంగతి చూడండి. 1947 ఆగస్టు 15న ఎర్రకోటలో శహనాయి పట్టిన చెయ్యి అది, 2001లో భారతరత్న అందుకున్న చెయ్యి. ఆయన 2006లో పోయారు. పదేళ్ళ తర్వాత, 2016 డిసెంబరులో, వారణాసిలో ఆయన కొడుకు ఇంట్లోంచి ఐదు శహనాయీలు మాయమయ్యాయి. నాలుగు వెండివి, ఒకటి వెండి తొడుగులున్న చెక్కది. అందులో ఒకటి మన పి.వి. నరసింహారావుగారు బహూకరించినది. తెలుగువాడు ప్రేమగా ఇచ్చుకున్న వెండి అది.

నెల తిరిగేసరికి, 2017 జనవరిలో, ఉత్తరప్రదేశ్ పోలీసులు దొంగను పట్టుకున్నారు. పట్టుబడింది ఇంటివాడే, ఉస్తాద్‌గారి మనవడు. శహనాయీలను నగల వ్యాపారులకు 17,000 రూపాయలకు అమ్మేశాడని పోలీసులు చెప్పారు. దొరికింది ఏమిటో తెలుసా? కరిగించిన వెండి, కిలో పైచిలుకు. వాళ్ళ చేతికి వచ్చింది వెండి ముద్ద. వాద్యంలా దొరికింది ఆ చెక్క శహనాయి ఒక్కటే, ఎందుకంటే చెక్కను కరిగించలేరు.

ఆ వార్త చదివినప్పుడు నా పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. అయ్యో అనుకుని పేపరు మడిచేశాను. తర్వాత, నాది పోయాక, ఆ నగల వ్యాపారుల తక్కెడ నాకు చాలాసార్లు కనిపించింది. ఒక పళ్ళెంలో శహనాయి, రెండో పళ్ళెంలో తూనికరాళ్ళు. వాద్యానికి వెండి తొడిగి గౌరవించాం అనుకుంటాం. ఆ వెండే దాని ప్రాణం తీసింది. సన్నాయి దొంగిలించినా పీక లేకపోతే ఊదలేడు కదా అని మన నాదస్వరం వాళ్ళు నవ్వుతారు. ఊదేవాడైతే కదా, కరిగించేవాడికి పీక ఎందుకు?

దాని నుంచి నాకొక లెక్క తేలింది. పోయిన వాద్యం తక్కెడ దగ్గరికి పోతే పోయినట్టే. బాగుచేసేవాడి దగ్గరికి పోతే వస్తుంది. ఎప్పటికైనా.

ఈ లెక్క నాదొక్కడిదే కాదని తర్వాత తెలిసింది, విదేశాల్లో కూడా ఇలాగే జరిగింది. హ్యూబర్‌మన్ అనే గొప్ప వయొలిన్ విద్వాంసుడు 1936 ఫిబ్రవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ చేస్తున్నాడు. ఆయనకి రెండు వయొలిన్లు. ఒకటి వాయిస్తుంటే, 1713లో స్ట్రాడివరీ చేసిన రెండోది గదిలో ఉంది. కచేరీ అయ్యేసరికి లేదు. అది ఎవరి దగ్గర ఉందంటే, ఒక మామూలు వయొలిన్ వాద్యగాడి దగ్గర. దాని మీద బూట్లకి రాసే పాలిష్ లాంటిది పూసి, రంగు కనపడకుండా చేసి, హోటళ్ళలోనూ పార్టీల్లోనూ ఐదు దశాబ్దాలు దాన్నే వాయించుకున్నాడు. 1985లో చనిపోయే ముందు భార్యకి చెప్పాడు. 1987లో అది బయటికొచ్చింది. హ్యూబర్‌మన్ 1947లోనే వెళ్ళిపోయాడు. ఆ పాలిష్ పూసినవాడిని తిట్టాలో మెచ్చుకోవాలో నాకు తెలియదు. దొంగే. కానీ వాయించాడు కదా.

వయొలినిస్టు రోమన్ టోటెన్‌బర్గ్ కథ నాకు ఇంకా దగ్గరిది. అమెరికాలో 1980 మేలో ఒక సంగీత పాఠశాలలో కచేరీ అయ్యాక ఆయన 1734 నాటి వయొలిన్ పోయింది. ఎవరు తీశారో ఆయనకి అనుమానం ఉంది, రుజువు లేదు. ఏం చేస్తాడు? ఇంకో వయొలిన్ కొనుక్కుని వాయించాడు, పిల్లలకి పాఠం చెప్పాడు, 101 ఏళ్ళు బతికి 2012లో పోయాడు. మూడేళ్ళకి, 2015లో, ఆ అనుమానితుడి మాజీ భార్య ఇంట్లో ఉన్న పాత వయొలిన్ ఖరీదెంతో చూడమని ఒక నిపుణుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి చూశాడు. చూసి, ఇది పోయిన వయొలిన్ అన్నాడు. 35 ఏళ్ళు పోలీసులకు అందనిది ఒక్క బల్ల మీద దొరికిపోయింది. టోటెన్‌బర్గ్ ముగ్గురు కూతుళ్ళూ వెళ్ళి తీసుకున్నారు.

బీటిల్స్ పాల్ మాకార్ట్నీ తన తొలి బాస్ గిటారును 1961లో సుమారు 30 పౌండ్లకి కొన్నాడు. 1972లో లండన్‌లో అది కూడా వ్యాన్‌లోంచే పోయింది. ఈ వాద్యాలకీ వ్యాన్లకీ ఏదో పగ ఉంది. యాభై ఏళ్ళు దాటాక, అభిమానులు పట్టుబట్టి వెతికితే, ఒక ఇంటి అటక మీద నుంచి దిగింది. 2024 ఫిబ్రవరిలో అది ఆయన చేతికి వచ్చిందని ప్రకటించారు.

సరే, లండన్, న్యూయార్క్ వదిలేద్దాం. మన నూజివీడు చూద్దాం, మైలవరం నుంచి ఎంతో దూరం కాదు. మామిడికి ఎంత పేరో వీణకీ అంత పేరు. పనస దుంగ తొలిచి కుండ చేస్తారు, దండి అమరుస్తారు, చివర యాళి తల చెక్కుతారు. నేను వీణ వాయించను. కానీ పెట్టె పోయిన కొత్తలో ఏ వాద్యాలు చేసేవాడిని చూసినా ఆగి మాట్లాడే పిచ్చి పట్టుకుంది. అలా ఒక మధ్యాహ్నం అక్కడ ఒక పెద్దాయన పని చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఆయన మేళం కడుతున్నాడు.

మేళం కట్టడమంటే ఏమిటో చాలామందికి తెలియదు. వీణకి 24 మెట్లు. ఆ లోహపు మెట్లు చెక్కకి మేకులు కొట్టి బిగించినవి కావు. మైనంలో మసి కలిపి, నల్లటి ముద్ద చేసి, దండి మీద రెండు గట్లలా పోసి, ఆ గట్లలో ఒక్కో మెట్టునీ కూర్చోబెడతారు. కూర్చోబెట్టేటప్పుడు తీగ మీటుతారు, వింటారు, వెంట్రుకవాసి జరుపుతారు, మళ్ళీ మీటుతారు. చెవి ఒప్పుకునేదాకా అంతే. ఆ పెద్దాయన కాల్చిన ఇనపకమ్మీతో మైనాన్ని మెత్తబరుస్తూ, బొటనవేలితో మెట్టును అదుముతుంటే, వేలిచివర నలుపు గోటి కిందికి దిగి ఉంది. ఆ నలుపు సబ్బుకి పోదట. నలభై ఏళ్ళ నలుపు.

"మన ఎండలకి మైనం కదులుతుందయ్యా. మెట్టు జరుగుతుంది, స్వరం చెడుతుంది. కొన్నాళ్ళకి ఎవరైనా మళ్ళీ మేళం కట్టించుకోవాల్సిందే" అన్నాడు.

"దొంగిలించిన వీణైతే?" అన్నాను.

ఆయన తలెత్తకుండానే నవ్వాడు. "వీణ ఎత్తుకుపోయినోడు మేళం ఎక్కడ కట్టించుకుంటాడు? తిరిగి తిరిగి ఇలాంటి గుమ్మం ఎక్కాల్సిందేగా. మా చేతిలో పుట్టింది మాకు తెలీదా? యాళి కోర చూస్తే చాలు, ఎవరి ఉలో చెప్తాం."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. బంగారం దొంగకి కంసాలి గుమ్మం ఎక్కే అవసరం ఒకసారే. వాద్యం దొంగకి, వాద్యం పలకాలంటే, ఆ అవసరం తీరదు. మృదంగమైతే మూతలు మార్పించాలి. వయొలిన్‌కి తీగలు తెగుతాయి. హార్మోనియానికి రీడులో దుమ్ము పడుతుంది, తిత్తి చిరుగుతుంది. పలికించే ప్రతివాడూ ఏదో ఒకనాడు ఒక బల్ల ముందు నిలబడతాడు.

ఆ మర్నాటి నుంచి నేను చేసిన పని ఇదే. గుంటూరు, తెనాలి, ఏలూరు, బెజవాడ, హార్మోనియాలు బాగుచేసే ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళాను. మూడు గుర్తులు చెప్పాను. తెల్లపొణికి మెట్టు అనగానే ఎవరైనా ఆసక్తిగా వినేవారు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి అలాంటి చేతిపని ఇష్టం. "వస్తే తెలుస్తుంది లెండి, వేలు పెట్టగానే తెలుస్తుంది" అని ఒకాయన తన ముందున్న పెట్టె నాలుగో మెట్టు మీద వేలు ఆడించి చూపించాడు. నా దుఃఖంలో కొంత భాగం పంచుకున్నట్టే అనిపించింది.

ఇక వాద్యం ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు, అనుభవం మీద చెప్పేవి. మీ వాద్యాన్ని ఫోటోలు తీసి పెట్టుకోండి, అందమైన వైపు ఒక్కటీ కాదు, గీతలు, అతుకులు, మాసికలు ఉన్న వైపులు కూడా. దాని స్వరం ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. పోతే, అదే రోజు ఫిర్యాదు ఇవ్వండి. ఎక్కడ పోయిందో తెలియక ఏ స్టేషన్ పరిధో తేలకపోయినా పర్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపినా తీసుకుంటారు, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. రైల్లో పోతే 139కి చెప్పండి. దొంగ సొత్తని తెలిసి కొన్నవాడికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. తెలియక కొన్నా దాని మీద హక్కు రాదు. మీది మీదే.

దొరికితే మాత్రం వెంటనే కోర్టులో అర్జీ వేయండి. ఎందుకంటే దొరికిన సొత్తు కేసు తేలేదాకా స్టేషన్ గదిలో మూలుగుతుంది. అక్కడ ఎలుకలకు తిత్తి తోలు అంటే మహా ఇష్టం. ఫోటోలు, వీడియో తీసుకుని సొంతదారుకి వస్తువు ఇచ్చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, కొత్త చట్టంలోనూ ఆ ఏర్పాటు ఉంది.

బీమా చేయించినవాళ్ళు ఒక్కటి గమనించండి. పరిహారం పుచ్చుకున్నాక వాద్యం దొరికితే అది కంపెనీదవుతుంది. మిన్ జిన్ కిమ్ అనే వయొలినిస్టుకి ఇదే అయ్యింది. 2010లో లండన్ రైలు స్టేషన్‌లో పోయిన ఆమె 1696 నాటి స్ట్రాడివరీని దొంగలు 100 పౌండ్లకి అమ్మబోయారట. 2013లో అది దొరికేసరికి ఆమె పరిహారం డబ్బుతో వేరే వయొలిన్ కొనుక్కుని ఉంది. పాతదాన్ని తిరిగి కొనుక్కునే స్తోమత లేకపోయింది. అది వేలంలో 13 లక్షల పౌండ్లకు పైగా పలికి వేరేవాళ్ళ చేతికి పోయింది. పోవడం ఒక బాధ. దొరికి కూడా రాకపోవడం దాని తాత.

చివరిగా, గుర్తుల సంగతి. నలుగురికీ చెప్పుకోండి, చీటీలు అంటించండి, కానీ ఒక్క గుర్తు మాత్రం దాచుకోండి. పోలీసులకు తప్ప ఎవరికీ చెప్పకండి. రేపు నాదంటే నాదని ఇద్దరు వస్తే, ఆ ఒక్కటే మిమ్మల్ని గెలిపిస్తుంది. నా నాలుగో గుర్తు అందుకే చెప్పలేదు.

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారం బెజవాడ నుంచి ఫోన్ వచ్చింది. హార్మోనియాలు బాగుచేసే ఆయన. "మాస్టారూ, ఒక మడత పెట్టె వచ్చింది. తెచ్చినవాడి మాట నాకు నచ్చలేదు. రీడ్లు రావాలి, పది రోజులు పడుతుందని చెప్పి పంపాను. ఒకసారి చూసిపోండి."

మైలవరం నుంచి బస్సులో జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం దాటేదాకా నా కుడిచెయ్యి ఒళ్ళో కూర్చుని నాలుగో మెట్టు నొక్కుతూనే ఉంది. పక్కసీటు ఆయన, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

బల్ల మీద పెట్టె ఉంది. నాది లాంటిదే, మడత కాళ్ళు, అదే ఎత్తు. ఎడమపక్క చూశాను. మచ్చ లేదు. నాలుగో మెట్టు నొక్కాను. బరువుగా, ఒద్దికగా, పక్కవాటితో పాటే లేచింది.

"మీది కాదా?" అన్నాడాయన.

"కాదండీ."

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఆయన స్క్రూలు తీసి మెట్ల పలక పైకెత్తి చూపించాడు. లోపల, రీడ్ల వరసకీ చెక్కకీ మధ్య, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. పాతది, అంచులు పసుపు. విప్పి చదివాం. చదివి, ఎలా ఉన్నది అలా మడిచి మళ్ళీ అక్కడే పెట్టాం. అదే సాయంత్రం పెట్టెను పోలీసులకు అప్పగించాం.

మడత హార్మోనియం. చెక్కకి ముదురు గోధుమ రంగు. మూత లోపలి వైపు ఎర్ర మఖమలు, ఒక మూల చిరుగు. మూడో నల్ల మెట్టుకి గంటు. ఎవరిదైనా పోయి ఉంటే, వినండి. లోపలున్న కాగితం మీద ఏం రాసి ఉందో మాత్రం నేను చెప్పను.